సంఘములో జానపద గానము, వాణిజ్య సంగీతము: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతముల నుండి ఒక విమర్శ

పరిచయము

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతముల సంఘములలో ఈ దినములలో 'ఫోక్ పాట' అను మాట తరచుగా వినబడుచున్నది. యౌవనస్థుల కూటములలో గాని క్రిస్మస్ కార్యక్రమములలో గాని ఒక ఫోక్ పాట పాడుమని అడిగిన వెంటనే, కీబోర్డు వాయించు సహోదరుడు ఒక మీట నొక్కును. తిశ్రగతిలో డప్పు, డోలక్ కలిసిన శబ్దము స్పీకర్ల నుండి వచ్చును. ఆ పాటను ఎక్కడో ఒక నగరములోని స్టూడియోలో రికార్డు చేసియుందురు. మన సంఘమునకు అది యూట్యూబు ద్వారా చేరినది. అదే ఆరాధనలో చాపల మీద కూర్చున్న పెద్ద వయస్సు స్త్రీలలో అనేకులకు కలుపు పాటలు, సువ్వి పాటలు, పెండ్లి పాటలు కంఠతా వచ్చును. అయితే ఫోక్ పాట పాడవలసి వచ్చినప్పుడు వారిని అడుగువారు లేరు.

జానపద గానమునకును వాణిజ్య సంగీతమునకును గల సంబంధమును గూర్చి పండితులు చాలా వ్రాసిరి. దానిని మేము ఈ వ్యాసములో సంఘము వైపు నుండి చూడదలచితిమి. వాణిజ్య సంగీతము జానపదము నుండి ఏమి తీసికొన్నది? ఏమి విడిచిపెట్టినది? అది విడిచిపెట్టినదానిని సంఘము కూడ విడిచిపెట్టుచున్నదా? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము వెదకుట ఈ విమర్శ యొక్క ఉద్దేశము.

1. జానపదము అనగా ఏమి?

ఆచార్య బిరుదురాజు రామరాజు గారి 'తెలుగు జానపద గేయ సాహిత్యము' 1958లో వెలువడినది. నాటి నుండి తెలుగులో ఈ విషయముపై పరిశోధన విస్తరించినది. కర్త పేరు తెలియకపోవుట, నోటి నుండి నోటికి వ్యాపించుట, ఊరూరికి పాఠము మారుట మొదలగు వాటిని జానపద గేయ లక్షణములుగా పండితులు సాధారణముగా చెప్పుదురు. వీటిలో మారుట అను లక్షణమును మనము ప్రత్యేకముగా గమనించవలెను.

వేరుశనగ చేనిలో కలుపు తీయు స్త్రీలలో ఒకామె ఒక చరణము ఎత్తుకొనును, తక్కినవారు వంత పాడుదురు. తరువాతి చరణము ఎవరైనను అందుకొనవచ్చును. ఆసామి పిసినారితనము, వదినామరదళ్ల పరిహాసము, పట్నము పోయి తిరిగిరాని కొడుకు, ఇవన్నియు అప్పటికప్పుడు పాటలోనికి వచ్చును. చెక్కభజనలోను గురువు పాట చెప్పగా, చుట్టూ తిరుగువారు చెక్కలు తట్టుచు, అడుగు వేయుచు దానిని తిరిగి పలుకుదురు. అక్కడ పాడువారు వేరు, వినువారు వేరు అను గట్టి గీత లేదు.

జానపదము ఎన్నడును బయటివారి రాగము సోకని స్వచ్ఛమైన వస్తువు కాదు. కోలాటపు బృందములు సినిమా బాణీలకు అడుగు వేయుట మనకు తెలిసినదే. కలుపు తీయు స్త్రీలు సినిమా పాట బాణీని తీసికొని, దానిలో తమ మాటలు పెట్టి పాడుట మేము అనేక పర్యాయములు విన్నాము. ఆ క్షణములో సినిమా పాట జానపదమగుచున్నది. కాబట్టి జానపదమునకు గుర్తు బాణీలోను వాయిద్యములోను లేదు. అది పాటకును పాడువారికిని మధ్యనున్న సంబంధములో ఉన్నది. పాట వారిది గనుక వారు దానిని మార్చగలరు. వాణిజ్య గీతము దీనికి భిన్నమైనది. అది ఒక్కసారి రికార్డయిన తరువాత ఒకే రూపములో నిలుచును, దానికి ఒక యజమాని ఉండును, వినువారు దానిని కొందురు లేక వినుటతో సరిపెట్టుకొందురు.

2. మూడు పట్టణములు, మారిన పనులు

జానపద గానము తగ్గుటకు సినిమాయే కారణమని మన ప్రసంగములలో తేలికగా చెప్పుచుందుము. ఈ మూడు పట్టణములను చూచినట్లయితే సంగతి అంత సులభము కాదు.

ధర్మవరము పట్టుచీరలకు పేరుగాంచినది. చేమగ్గము చప్పుడుకు ఒక లయ గలదు. నేయువాని చేయి, కాలు, ఆ ఇంటివారి మాట, పాట అన్నియు ఒకే గదిలో కలిసి సాగును. మరమగ్గములు ఆడు గదిలో ప్రక్కవాని మాటయే వినబడదు. అక్కడ పని చేయు యౌవనుడు ఇయర్‌ఫోన్లు పెట్టుకొని ఫోనులో పాట వినును. అతడు పాటను ద్వేషించుట లేదు. అయితే కలిసి పాడుటకు తగిన నిశ్శబ్దము అతని పనిలో లేదు.

ధర్మవరం సమీపముననే నిమ్మలకుంట గ్రామము గలదు. అక్కడి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించబడినది. తోలుబొమ్మలాట అనగా బొమ్మ మాత్రమే కాదు. తెర వెనుక పాట, పద్యము, తాళము, హాస్యము కలిసి రాత్రియంతయు సాగు ఆట అది. నేడు ఆ కుటుంబములలో అనేకులు తోలుతో దీపపు గుడ్డలు, గోడ చిత్రములు చేసి నగరములకు అమ్ముచున్నారు. ఆ జీవనోపాధిని మేము తక్కువగా చూచుట లేదు. అయితే సంత తోలును తీసికొనిపోగలిగినది, పాటను ఊరిలోనే వదిలినది. ధర్మవరం చీరకును, ఆంధ్ర తోలుబొమ్మకును భౌగోళిక గుర్తింపు చట్టము క్రింద రక్షణ గలదు. ఆ బొమ్మ వెనుక పాడిన పాటకు అటువంటి రక్షణ లేదు.

హిందూపురము కర్ణాటక సరిహద్దున ఉన్నది, పట్టుగూళ్ల మార్కెట్టుకు ప్రసిద్ధి. ఇక్కడి పల్లెలలో ఒకే ఇంట తెలుగు, కన్నడము రెండును మాటలాడుదురు. పెండ్లి పాటలోను ఒక చరణము తెలుగైతే మరియొకటి కన్నడమగును, వియ్యపురాలిని ఎగతాళి చేయుటకు ఏ మాట పదునుగా నుండునో ఆ మాటయే పాటలోనికి వచ్చును. వాణిజ్య సంగీతములో తెలుగు విడుదల వేరు, కన్నడ విడుదల వేరు. సరిహద్దు ప్రజల నాలుక మీద కలిసియున్న రెండు భాషలను సంత రెండు అరలలో పెట్టినది.

పెనుకొండ 1565 తళ్లికోట యుద్ధము తరువాత విజయనగర రాజులకు రాజధానియైన దుర్గము. దాని సమీపమున ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారము 2019లో ఉత్పత్తి ప్రారంభించినది. చేనిపనికి పోవలసిన యౌవనులలో అనేకులు ఇప్పుడు షిఫ్టు పనికి పోవుచున్నారు. చేలలోను గడ్డి మందుల వాడకము పెరిగి, గుంపుగా కలుపు తీయు దినములు తగ్గినవి. పనితో పుట్టిన పాట ఆ పని లేనప్పుడు ఎక్కడ నిలుచును? దీనికి ఏ సినిమా నిర్మాతను నిందించగలము?

3. వాణిజ్య సంగీతము వలన కలిగిన మేలు

విమర్శ న్యాయముగా ఉండవలెనన్న, మేలును కూడ చెప్పవలెను. పీటర్ మాన్యుయెల్ అను సంగీత పరిశోధకుడు 1993లో ప్రచురించిన 'క్యాసెట్ కల్చర్' అను గ్రంథములో, ఉత్తర భారతదేశమున చౌకయైన క్యాసెట్లు వచ్చిన తరువాత పెద్ద కంపెనీల గుత్తాధిపత్యము సడలి, ప్రాంతీయ గానములకు క్రొత్త అవకాశము కలిగినదని చూపించెను. తెలుగు ప్రాంతములోను క్యాసెట్లు అటువంటి పనియే చేసినవి. పల్లె గాయకుని గొంతు మొదటిసారి అతని ఊరు దాటి వినబడినది.

రాయలసీమను తెలుగు సినిమా చాలా కాలము వేటకొడవళ్లతోను బాంబులతోను మాత్రమే చూపించినది. 2018లో వచ్చిన 'అరవింద సమేత వీర రాఘవ' కూడ ఫ్యాక్షన్ కథయే. అయితే పెంచల్ దాస్ గారి రచనలో ఈ సీమ స్త్రీల దుఃఖము, ఈ సీమ మాట ఆ చిత్రములో వినబడినవి. గుత్తి మండలములోని ఒక తండాలో పుట్టిన మంగ్లి, తిరుపతిలో సంగీతము నేర్చి, తెలంగాణ పండుగ పాటల ద్వారా రెండు రాష్ట్రములలోను పేరు పొందినది. తండాలోని ఆడపిల్ల గొంతుకు ఇంత గౌరవము ఒక తరము క్రితము ఊహించగలిగినది కాదు. డప్పు విషయమును చూడండి. చావుకు, చాటింపునకు బలవంతముగా వాయించవలసి వచ్చిన డప్పును 1994లో మొదలైన మాదిగ దండోరా ఉద్యమము ఆత్మగౌరవ చిహ్నముగా ఎత్తిపట్టినది. ఆ తరువాత డప్పు వేదికలెక్కినది, సినిమాలోను చేరినది.

4. వాణిజ్య సంగీతము విడిచిపెట్టినది

మేలును ఒప్పుకొనిన పిమ్మట, రెండు నష్టములను చెప్పుచున్నాము.

మొదటిది, పేరు పోవుట. 2021లో 'లవ్ స్టోరీ' చిత్రములోని 'సారంగ దరియా' పాట విడుదలైనప్పుడు, ఆ జానపదమును అంతకు ముందు టెలివిజన్ కార్యక్రమములో పాడిన గాయని తనకు తగిన గుర్తింపు దొరకలేదని చెప్పినది. రచయిత సుద్దాల అశోక్ తేజ గారు అది ప్రజల నోట ఉన్న పాటయని, తాను దానిని ఆధారము చేసికొని వ్రాసితినని వివరించిరి. ఇరువురి మాటలోను న్యాయము లేకపోలేదు. చిక్కు చట్టములోనే గలదు. మన 1957 కాపీరైటు చట్టము కర్త తెలిసిన రచనను, రికార్డు చేసినవారి రికార్డును కాపాడును. సినిమా రికార్డుకు 60 సంవత్సరముల రక్షణ గలదు. పాటను తరతరములుగా మోసిన నోళ్లకు ఆ చట్టములో స్థానము లేదు.

దక్షిణాఫ్రికాకు చెందిన సాలమన్ లిండా చరిత్ర ఇంకను కఠినమైనది. ఆయన 1939లో 'ఎంబూబె' అను పాటను రికార్డు చేసెను. అమెరికా గాయకులు దానిని పాతకాలపు జన గీతమని తలంచి తిరిగి పాడిరి. అది లోకమంతట ప్రసిద్ధమైనది. లిండా 1962లో పేదరికములో మరణించెను. ఆయన కుటుంబమునకు ఒప్పందము కుదిరినది 2006లో. 'జానపదము' అను ముద్రయే ఒక్కొక్కసారి ఒక మనుష్యుని పేరును చెరిపివేయుటకు సాధనమగునని ఇందును బట్టి తెలియుచున్నది.

రెండవది, మార్చుకొను స్వేచ్ఛ పోవుట. రికార్డయిన రూపము ఇంటింటికి చేరిన తరువాత, అదియే సరియైన పాటగా పిల్లలు నేర్చుకొందురు. అవ్వ తాను నేర్చిన తీరున పాడగా, మనుమరాలు "అట్ల కాదవ్వా, తప్పు పాడుతాండావు" అని దిద్దును. అవ్వ నవ్వి ఊరకుండును. తరువాత పాడదు. ఈ నష్టము ఏ లెక్కలలోను చేరదు.

నాబోతు ద్రాక్షతోట కథ (1 రాజులు 21) ఇక్కడ మనకు సహాయపడును. అహాబు మొదట దౌర్జన్యము చేయలేదు. మంచి తోట గాని తగిన వెల గాని ఇత్తునన్నాడు. ఆ స్థలము తనకు కూరతోటగా అనుకూలమని అడిగినాడు. నాబోతు దానిని వెల కట్టదగినదిగా గాక పితరుల స్వాస్థ్యముగా చూచినాడు. ద్రాక్షతోటను తీసికొంటే నాబోతుకు తోట ఉండదు, పాటను తీసికొంటే పాట ఊరిలోనే ఉండును గదా అని కొందరు అడుగవచ్చును. ఉండును, నిజమే. అయితే అవ్వ ఊరకుండిన దినమున అది ఉన్నను లేనట్టే.

5. సంఘము ద్వారము వద్ద

ఇప్పుడు మన ఇంటి సంగతికి వచ్చుచున్నాము. పురుషోత్తమ చౌదరి గారి (1803–1890) కీర్తనలు మొదలుకొని ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో రాగము, తాళము పేర్కొనబడియున్నవి. అది గొప్ప స్వాస్థ్యము. అయితే సంగీతములో గౌరవమనగా కర్ణాటక రాగము గాని పాశ్చాత్య స్వరము గాని అను అభిప్రాయము క్రమముగా మనలో స్థిరపడినది. పల్లె వాయిద్యము గుడి బయటనే ఆగినది.

దీనికి రెండు కారణములు గలవు. ఒకటి విశ్వాస సంబంధమైనది. అనంతపురం సీమలోని ఉరుములు గ్రామదేవతల జాతరలతో ముడిపడినవి. ఉరుము వాయించు కుటుంబములనుండి క్రీస్తునొద్దకు వచ్చినవారు ఆ వాయిద్యముతో పాటు ఆ పూజను విడిచిరి. రెండవది కుల సంబంధమైనది. డప్పు అనగా వెట్టి, అవమానము. బాప్తిస్మము పొందినవాడు ఇకమీదట ఎవరి చావుకును డప్పు కొట్టనని చెప్పగలుగుట అతనికి విడుదల. ఈ రెండు కారణములను నేటి పట్టణ విద్యార్థులు తేలికగా తీసివేయరాదు.

అయితే జరిగినదేమి? ద్వారము వద్ద నిలిపివేసిన డప్పు, కీబోర్డు మీట రూపములో వేదిక మీదికి వచ్చినది. వాయించు మనుష్యుడు రాలేదు, అతని శబ్దము మాత్రము వచ్చినది. అతని కులము, అతని జ్ఞాపకము, అతని గాయము ఏదియు మనలను ఇబ్బంది పెట్టకుండ అతని లయను మాత్రము వాడుకొనుచున్నాము. సినిమాపై మనము మోపు నేరము ఇదియే గదా!

ఈ పాటల మాటలను కూడ పరిశీలించవలెను. దేశములోనే వర్షపాతము మిక్కిలి తక్కువగా నుండు ప్రాంతములలో మన సీమ ఒకటి. ఎండిన బోరు, పంట రుణము, బెంగళూరుకు వలసపోయిన కుటుంబము లేని సంఘము ఇక్కడ అరుదు. మన ఫోక్ పాటలలో ఇవి ఎక్కడ ఉన్నవి? వాటిలో షారోను, లెబానోను గలవు గాని మన చెరువు లేదు. కీర్తనల గ్రంథములో విలాప కీర్తనలు ఎన్నో గలవు. కలుపు పాటలలోను విలాపము గలదు. ఈ రెండింటి నడుమనున్న మన పాటలో మాత్రము చప్పట్లే గలవు. వాణిజ్య సంగీతము జానపదము నుండి సంతోషపు లయను తీసికొని ఏడ్పును విడిచినట్లే, మనమును చేయుచున్నాము.

అపొస్తలుడైన పౌలు సంఘ గానమును గూర్చి వ్రాసినప్పుడు (ఎఫెసీ 5:19, కొలస్సీ 3:16) విశ్వాసులు ఒకనితో ఒకడు పలుకుకొనుటను, ఒకనికి ఒకడు బుద్ధి చెప్పుకొనుటను ముందుంచెను. 1 కొరింథీ 14:26 ప్రకారము కూడి వచ్చిన ప్రతివాడును ఏదో ఒకటి తేగలడు, కీర్తనయు అందులో ఒకటి. ఇది కలుపు చేని గానమునకు దగ్గరగా నున్నది, స్టూడియో గానమునకు దూరముగా నున్నది. మన ఆరాధనలో కరెంటు పోయినప్పుడు పాట ఆగిపోవుచున్నదా, సాగుచున్నదా అని ప్రతి కాపరి గమనించవలెను. ఆగిపోయినట్లయితే అంతవరకు పాడినది సంఘము కాదు.

6. రెండు అభ్యంతరములు

లూథరు కూడ లోక గీతముల బాణీలను వాడెను గదా, సినిమా బాణీ వాడినచో తప్పేమి అని యౌవనులు అడుగుదురు. లూథరు క్రిస్మస్ కీర్తనలలో ఒకటి 1535లో అప్పటి ఒక పొడుపు పాట బాణీతో ప్రచురింపబడిన మాట వాస్తవమే. అయితే 1539లో దానికి వేరొక బాణీ కూర్చబడినది, అదియే నేటివరకు నిలిచినది. పైగా ఆ మొదటి బాణీ ప్రజలు తామే పాడుకొనునది. బాణీ పవిత్రమా, అపవిత్రమా అను ప్రశ్నకంటె, ఆ బాణీతో సంఘమంతయు పాడగలదా అను ప్రశ్న ముఖ్యమని ఈ ఉదాహరణము చూపుచున్నది.

రెండవ అభ్యంతరము పెద్దలనుండి వచ్చును. జాతరలో వాయించినదానిని దేవుని మందిరములోనికి ఎట్లు తెత్తుమని వారు అడుగుదురు. దీనికి తమిళనాడు నుండి ఒక సాక్ష్యము గలదు. మధురైలోని తమిళనాడు థియొలాజికల్ సెమినరీలో బోధించిన థియోఫిలస్ అప్పావు గారు (2005లో దివంగతులైరి) గ్రామీణ జానపద సంగీతముతో దళిత సంఘములకు ఆరాధన క్రమము కూర్చిరి. పేదవారు ఖర్చు లేకుండ పాడగలరు, తమ అవసరమునకు తగినట్లు మార్చుకొనగలరు, కాబట్టి ఆ సంగీతమే వారి వేదాంతమునకు తగిన పాత్రయని ఆయన వాదించిరి. జోయీ షెరినియన్ 2014లో ప్రచురించిన గ్రంథము ఈ కృషిని వివరించుచున్నది.

అప్పావు గారి వాదమును మేము అంగీకరించుచున్నాము. అయినను 1 కొరింథీ 8వ అధ్యాయములో పౌలు బలహీనమైన మనస్సాక్షిని గూర్చి చేసిన హెచ్చరిక ఇక్కడ వర్తించును. ఉరుము శబ్దము వినగానే జాతర రాత్రి జ్ఞాపకము వచ్చు పెద్దాయన సంఘములో ఉన్నట్లయితే, పరిశోధన పేరిట ఆయన ఎదుట దానిని మ్రోగించుట ప్రేమ కాదు. ఆ వాయిద్యమును తిరిగి ఎత్తవలెనా వద్దా అను నిర్ణయము దానిని మోసినవారిది, విడిచినవారిది. సెమినరీ చేయవలసినది వారిని అడుగుట, వారు చెప్పువరకు ఆగుట.

7. కాపరులకు, విద్యార్థులకు కొన్ని సూచనలు

మొదటిగా, సేవా శిక్షణకు వెళ్లు ప్రతి విద్యార్థి తన సంఘములోని పెద్దల వద్ద పాటలు వ్రాసికొనవలెను. పాడినవారి పేరు, ఊరు, అనుమతి తప్పక నమోదు చేయవలెను. యూట్యూబులో పెట్టదలచినయెడల మరల అడుగవలెను. ఆదాయము వచ్చినయెడల వారికి భాగమియ్యవలెను.

రెండవదిగా, నెలకొక ఆదివారమైనను స్పీకర్లు లేకుండ, వంత పద్ధతిలో పాడవలెను. పల్లవి కాపరి ఇయ్యవచ్చును, చరణములు సంఘము కట్టవలెను. మొదట మాటలు తడబడును. కలుపు చేనిలో చరణము కట్టగలిగినామెకు దేవుని మందిరములో కట్టుట కష్టము కాదు, ఆమెకు కావలసినది అవకాశము.

మూడవదిగా, హిందూపురం వంటి సరిహద్దు సంఘములలో రెండు భాషలు కలిసిన పాటను తప్పుగా ఎంచరాదు. నాల్గవదిగా, స్టూడియోలో పాటలు చేయు మన సహోదరులు 'ఫోక్' అని పేరు పెట్టునప్పుడు, అది ఏ ఊరివారి పాట, ఎవరి వద్ద నేర్చితిరి అనునది వ్రాయవలెను. ఎవరి వద్దను నేర్వనియెడల ఆ పేరు పెట్టకుండుట నిజాయితీ.

ముగింపు

వాణిజ్య సంగీతము జానపదమునకు శత్రువు అని మేము చెప్పుట లేదు. అది గాయకులకు అన్నము పెట్టినది, తృణీకరింపబడిన గొంతులకు గౌరవము తెచ్చినది. అయితే పాటను పాడువారినుండి వేరు చేయక అది వ్యాపారము చేయలేదు. సంఘము వ్యాపార స్థలము కాదు గనుక, దానికి ఆ నిర్బంధము లేదు. సినిమా చేయలేని పని, అనగా పాటను పాడువారి చేతిలోనే ఉంచుట, మనకు సాధ్యము. ధర్మవరం మరమగ్గముల కార్మికునికి, పెనుకొండ షిఫ్టు పనివానికి వారమంతట కలిసి పాడు చోటు దొరకదు. ఆదివారమున ఆ చోటు వారికి దొరకవలెను. అక్కడ కూడ వారు విని వెళ్లిపోవలసి వచ్చినయెడల, ఆ లోపమునకు లెక్క చెప్పవలసినవారు కాపరులమైన మనమే.